వణకడానికి పోయిన నలుగురం

మా పక్కింటి యూసుఫ్ భాయ్ మస్కట్‌లో రోడ్లు వేసే కంపెనీలో పని చేస్తాడు. తారు పరిచే మిషను నడపడం అతని పని. నెత్తి మీద ఎండ, కాళ్ళ కింద కాగిన తారు. రెండేళ్ళకోసారి కంపెనీ అతనికి సెలవు ఇస్తుంది, అదీ సరిగ్గా మే నెలలో పడుతుంది. అంటే అక్కడి ఎండలో విమానమెక్కి మా ఊరు ఎల్లారెడ్డి ఎండలో దిగుతాడు. ఈసారి వచ్చిన మరునాడే మా ఇంటి ముందు గద్దె మీద కూర్చుని, చెంబెడు నీళ్ళు ఎత్తి తాగి, మనసులో మాట చెప్పాడు.

"సార్, ఒక్కపారన్న సలికి వణకాలె. పండ్లు టకటక కొట్టుకోవాలె. పదిహేనేండ్ల సంది ఎండల్నే ఉన్న."

ఆ మాట నాతోనే అనడానికి కారణం ఉంది. నేను ఎల్లారెడ్డిలో హైస్కూలు పిల్లలకు సాంఘిక శాస్త్రం చెబుతాను. భారతదేశ శీతోష్ణస్థితి పాఠాన్ని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. ఋతుపవనాలు ఏ సముద్రం మీంచి ఎటు తిరుగుతాయో కళ్ళు మూసుకుని బోర్డు మీద బాణాలు గీస్తాను. ఆ బాణాల వెంట నేనెన్నడూ పోలేదన్నది వేరే సంగతి. ఉత్తరాన నాగపూర్ దాటింది లేదు. నాగపూర్ కూడా పెళ్ళికి పోయాను, ఫంక్షన్ హాల్లోంచే తిరిగి వచ్చాను.

అయినా దేశం మొత్తం నా చేతిలో ఉన్నట్టే మాట్లాడాను. పాత క్యాలెండర్ కాగితం తిరగేసి, వెనక దేశపటం గీసి, మా ఇంట్లో నేల మీద పరిచాను. నా భార్య లలిత, యూసుఫ్ భార్య రెహానా తలుపు దగ్గర కూర్చుని బీరకాయలు చెక్కుతూ విన్నారు. 

దేశం మరీ పెద్దదైతే ఎంత ఇబ్బందో ఆ రోజే అర్థమైంది. రాజస్థాన్‌ను మొదటే కొట్టేశాను, వడగాలికి ఎదురెళ్ళి టికెట్ కొనడమెందుకు. కేరళలో మే ఆఖరుకు వానలు మొదలవుతాయి, గొడుగు కింద సెలవు గడిచిపోతుంది. బెంగాల్‌లో సాయంత్రాలు ఈదురుగాలులు. మేఘాలయలో ఎప్పుడు వాన పడదో చెప్పడం కష్టం. లడఖ్‌లో గాలి పలచన, నాకు మా బడి మెట్లెక్కితేనే ఆయాసం. ఊటీ చల్లనే కానీ చలి కాదు, పళ్ళు కొట్టుకునే స్థాయి అక్కడ లేదు. ఇట్లా ఒక్కో రాష్ట్రం మీద ఇంటూ గుర్తు పెట్టుకుంటూ పోతే చివరికి పైన హిమాచల్ మిగిలింది. మనాలి మీద గుండ్రంగా సున్నా చుట్టాను.

అంతా విన్న లలిత, తనకు అర్థమైనంతలో తేల్చి చెప్పింది. "ఏడ నేను వంట జెయ్యొద్దో గదే నాకు సల్లటి జాగ."

ఇంత శ్రమ నలుగురికే పరిమితం కావడం నాకు బాధ అనిపించింది. కాబట్టి ఆ విశ్లేషణంతా ఫోన్‌లో టైపు చేసి, 'మే నెలలో భారతదేశం: ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడికి వెళ్ళకూడదు, శాస్త్రీయ వివరణ' అని పేరు పెట్టి, ఉపాధ్యాయుల గ్రూపులో పంపించాను. అందులో నా పేరు వేసుకోలేదు. వినయం అనుకున్నాను. అది ఎంత మంచి పనో తర్వాత తెలిసింది.

వెళ్ళదలచిన వారికి ఒక మాట. మే నెల ఢిల్లీ రైళ్ళకు బెర్తులు బుకింగ్ తెరిచిన గంటలోనే అయిపోతాయి. మాకు థర్డ్ ఏసీలో నాలుగు బెర్తులు దొరికాయంటే అది కామారెడ్డిలో టికెట్లు బుక్ చేసే రెహానా తమ్ముడి చలవ. అతను నాలుగు బెర్తులూ ఒకే పెట్టెలో ఇప్పించాడు. అక్కతో ఏదో రహస్యం కూడా చెప్పి పంపాడని అప్పుడు మాకు తెలియదు.

బయలుదేరిన రోజు తెల్లవారి మొదటి బస్సుకు ఎల్లారెడ్డిలో ఎక్కాం. లింగంపేట, తాడ్వాయి మీదుగా కామారెడ్డి చేరేసరికి ఎండ అప్పుడే గోడల మీదికి ఎక్కుతోంది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం. లలిత సామానులో రెండు స్వెట్టర్లు, ఒక శాలువా, మంకీ క్యాపులు, వాటితో పాటు మామిడికాయ తొక్కు, సకినాలు ఉన్నాయి. రెహానా ఒక పెద్ద డబ్బా నిండా ఖీమా వేపుడు చేసి తెచ్చింది, వారం రోజులు నిలవ ఉంటుందంది. మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరి, అక్కడ ఢిల్లీ బండి ఎక్కాం.

కాజీపేటలో మా ఎదుటి బెర్తుకు ఒక పెద్దాయన వచ్చాడు. విద్యుత్ శాఖలో రిటైరయ్యాడట, ఢిల్లీలో కూతురి దగ్గరికి పోతున్నాడు. రైలు బల్లార్షా దాటాక, అద్దాల బయట భూమి ఇటుక బట్టీలా కనబడుతుంటే, లోపల యూసుఫ్ రెండు దుప్పట్లు కప్పుకుని ముడుచుకున్నాడు. పళ్ళు కొట్టుకునేదాకా పోలేదు కానీ ముక్కు కారింది. మేం ఎక్కడికి, ఎందుకు పోతున్నామో పెద్దాయన ఓపికగా విన్నాడు.

"బిడ్డా, టికెట్ పైసలకు గింతకంటె సల్లటి జాగ ఏడ దొరుకుతది. ఢిల్లీల దిగి మల్ల ఇదే బండి ఎక్కుండ్రి" అన్నాడు.

ఆయన ఎగతాళి చేస్తున్నాడేమోనని చూశాను. చేయడం లేదు. ఆయన ముఖంలో కరెంటు లెక్కలు తెలిసిన మనిషి గాంభీర్యం ఉంది. నేను మాత్రం కృత్రిమ శీతలానికి, సహజ శీతలానికి ఉన్న తేడా గురించి నాగపూర్ దాకా చెప్పాను. నాగపూర్ స్టేషన్‌లో నీళ్ళ సీసా కోసం దిగితే, రాత్రి పూట కూడా ప్లాట్‌ఫారం నేల చెప్పుల్లోంచి కాలింది.

మరునాడు ఢిల్లీ. మనాలి బస్సు సాయంత్రానికి. పగలంతా ఏం చేయాలి? ఎర్రకోట చూద్దామని నేను అన్నాను. బయటికి వచ్చి రోడ్డు దాటేలోగా నలుగురమూ మనసు మార్చుకుని మెట్రో స్టేషన్‌లోకి దిగాం. ఆ పగలు ఒక కొస నుంచి ఇంకో కొసకు, మళ్ళీ ఈ కొసకు, మెట్రోలో చల్లగా తిరిగాం. మాలాంటి వాళ్ళు చాలామంది ఉన్నారు. కొందరు తల వాల్చి నిద్రపోతున్నారు, ఎవరికీ ఎక్కడా దిగే తొందర లేదు. దేశ రాజధానిని మేం భూమి కింద నుంచి బాగా చూశామని చెప్పగలను.

సాయంత్రం మనాలి బస్సెక్కి నిద్రపోయాం. ఉదయం కళ్ళు తెరిచేసరికి బస్సు పక్కన బియాస్ నది తెల్లగా ఉరుకుతోంది. దేవదారు చెట్లు, వాటి వెనక మంచు తలపాగా కట్టుకున్న కొండలు. రెహానా ముఖం కిటికీకి ఆనించి చూసింది. ఆ ఒక్క గంట కోసం నా విశ్లేషణ అంతా క్షమించవచ్చు.

ఆ గంట తర్వాత బస్సు ఆగింది. ముందు కార్లు, వెనక కార్లు. ఊరు ఇంకా ఐదారు కిలోమీటర్లుండగానే మేం నిలబడిపోయాం. దేశంలోని ప్రతి రాష్ట్రం నంబరు ప్లేటూ అక్కడ ఉంది. ఇన్ని కోట్ల మంది, ఇన్ని భాషల వాళ్ళు, ఇంత పెద్ద పటం ముందు కూర్చుని, ఒక్కో రాష్ట్రం మీద ఇంటూ పెట్టుకుంటూ వచ్చి, చివరికి నేను సున్నా చుట్టిన చోటే వీళ్ళూ చుట్టారన్న మాట. జాతీయ సమైక్యత మీద ఇన్నేళ్ళు నేను చెప్పిన పాఠాలలో ఇంత మంచి ఉదాహరణ ఒక్కటీ లేదు.

బస దొరికింది. హోటల్ గది కిటికీలోంచి కొండ కనబడుతుందని ముందే చెప్పారు. కనబడింది, ఎదుటి హోటల్ నీళ్ళ ట్యాంకు పక్క నుంచి. మధ్యాహ్నం ఎండ చురుక్కుమంది. స్వెట్టర్లు సంచీలోంచి బయటికి రాలేదు. బజారులోకి పోతే నాలుగు అడుగులకోసారి తెలుగు వినబడింది. శాలువాలమ్మే పంజాబీ ఆయన మమ్మల్ని చూడగానే "రండి అన్నా, తక్కువ ధర" అన్నాడు. హైదరాబాద్ బిర్యానీ అని తెలుగులో బోర్డు పెట్టిన హోటల్‌కు యూసుఫ్ ఆశగా పోయాడు. బయటికి వచ్చి నేరుగా ఖీమా డబ్బా అడిగాడు. లలిత మాత్రం హాయిగా ఉంది, మూడు రోజులుగా ఆమె పొయ్యి ముట్టలేదు.

ఆ సాయంత్రం యూసుఫ్ వాళ్ళ అమ్మ ఫోన్ చేసింది. ఎల్లారెడ్డిలో రెండు రోజులుగా మబ్బు పట్టి వాన పడుతోందట, కూలర్ బంద్ చేసి దుప్పటి కప్పుకుంటున్నారట. యూసుఫ్ ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. అకాల వర్షాలు పాఠంలో లేవని నేను అన్నాను. 

మరునాడు పొద్దున్నే ట్యాక్సీలో మంచు చూడటానికి పైకి బయలుదేరాం. దారిలో అద్దెకు కోట్లు, బూట్లు ఇచ్చే దుకాణాలు వరుసగా ఉన్నాయి. కోటు లేకుండా పైకి పోతే గడ్డ కట్టిపోతారని డ్రైవర్ గట్టిగా చెప్పాడు. ఏ దుకాణంలో తీసుకోవాలో కూడా అంతే గట్టిగా చెప్పాడు. ఎలుగుబంటి రంగు కోటులో నేను, పసుప్పచ్చ కోటులో యూసుఫ్, మా ఆడవాళ్ళు గులాబీ రంగు కోట్లలో, ఆ వేషాలతో మూడు గంటలు ట్రాఫిక్‌లో కూర్చున్నాం.

మధ్యలో కాళ్ళు చాపుకుందామని దిగితే, ముందు కారులోంచి మంకీ క్యాపు పెట్టుకున్న ఒకాయన దిగాడు. బాన్సువాడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. మన జిల్లా మనుషులని తెలిసి సంతోషించాడు, తర్వాత బాధ చెప్పుకున్నాడు. వాళ్ళు అసలు అరకు పోదామనుకున్నారట. ఇంతలో వాళ్ళ గ్రూపుకు ఎవరో శాస్త్రీయ వివరణ అని ఫార్వర్డ్ చేశారు. అది చదివి వాళ్ళ బడి నుంచే మూడు కుటుంబాలు ఇటు మళ్ళాయి. నిజామాబాద్ నుంచి ఒక బస్సు నిండా వచ్చారని కూడా విన్నాడట.

"రాసినోడు గిన దొరికితే ఈ రోడ్డు మీద కార్లు ఎన్నున్నయో లెక్కబెట్టమందును" అన్నాడు ఆయన.

నేను కొండల వైపు చూశాను. లలిత నా వైపు చూసి, సంచీ విప్పి, ఆ మాస్టారుకు గుప్పెడు సకినాలు పెట్టింది.

మంచు దగ్గరికి చేరాం. అది ఉంది, అందులో అబద్ధం లేదు. కాకపోతే మాకంటే ముందు చాలామంది దాన్ని చూసి, తొక్కి, టీ ఒలకబోసి, గుర్రాలతో తిప్పి పెట్టారు. బూడిద రంగులో గట్టిగా ఉంది. ఎండ నెత్తి మీద నిలబడింది. రెహానా గుప్పెడు మంచు తీసి యూసుఫ్ మెడ వెనక వేసింది, పెళ్ళయ్యాక ఆమె అట్లా ఆడటం తను చూడలేదని లలిత నాతో అంది. ఫోటోలు దిగాం. కోటులోపల యూసుఫ్‌కు చెమటలు పట్టి చొక్కా తడిసింది. వణుకు మాత్రం రాలేదు. కోటు విప్పి చూశాడు, కళ్ళు మూసుకుని నిలబడి చూశాడు, లాభం లేదు. ట్యాక్సీ ఎక్కేటప్పుడు అతని ముఖం చిన్నబోయింది. ఇంకో వారంలో అతని విమానం. 

తిరుగుదారిలో దుకాణంలో కోట్లు ఇచ్చేసి, రెండు మలుపులు దిగామో లేదో మళ్ళీ ఆగిపోయాం. కొండ మీంచి రాళ్ళు జారాయట, రోడ్డు బాగు చేస్తున్నారు. రోడ్డు పని అనగానే యూసుఫ్ ఆగలేకపోయాడు. చూసి వస్తానని దిగి వరుస వెంట నడిచిపోయాడు. అతను పోయిన కాసేపటికే ఆకాశం నల్లబడి వడగళ్ళు మొదలయ్యాయి. ట్యాక్సీ పైకప్పు మీద బఠానీలు కుమ్మరించినట్టు మోత. గాలి ఒక్కసారిగా మారిపోయింది. లలిత చివరికి స్వెట్టర్లు బయటికి తీసింది. అరగంట గడిచినా యూసుఫ్ రాకపోయేసరికి రెహానా తలుపు తీసుకుని దిగింది, ఆమె వెనక మేమిద్దరం ఒకే శాలువా తలల మీద పట్టుకుని నడిచాం.

రాళ్ళు పడ్డ చోట ఒక టార్పాలిన్ కింద కూలీలు గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో తారు డ్రమ్ము, కింద నిప్పు. వాళ్ళ నడుమ మా యూసుఫ్, తల నుంచి కాళ్ళ దాకా తడిసి, స్టీలు గ్లాసులో నల్ల టీ పట్టుకుని ఉన్నాడు. గ్లాసు అతని పళ్ళకు తగిలి టకటకమంటోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. నవ్వుతున్నాడు. రాళ్ళు తోయడానికి మనుషులు చాలకపోతే తనూ ఒక చెయ్యి వేశాడట.

ఆ కూలీలు జార్ఖండ్ వాళ్ళు. ఎండాకాలం వచ్చి ఇక్కడ రోడ్లు బాగు చేస్తారు. యూసుఫ్ వాళ్ళతో హిందీలో ముచ్చట పెట్టి అన్నీ కనుక్కున్నాడు. నాతో చెప్పేటప్పుడు మాట వణుకులో ముక్కలైంది.

"మంచు పడంగనే వీండ్ల పని బంద్ అయితదట సార్. ఇగ మల్ల ఎండ వచ్చేదాంక ఇండ్లల్లనే ఉంటరట, పిల్లలతోని."

రెహానా అతని చేతిలోని గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. తన చున్నీతో అతని తల తుడుస్తూ ఉర్దూలో మాట్లాడసాగింది. గొంతు పెంచలేదు. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది: కామారెడ్డి దగ్గర హైవే పనులు చేసే కాంట్రాక్టరుకు తారు మిషను నడిపే మనిషి కావాలట. వాళ్ళ తమ్ముడు రెండు వారాల కిందటే మాట్లాడి పెట్టాడు. మస్కట్ జీతంలో సగం కూడా రాదు. ఆ మాట ముందే చెబితే అతను ఈ ప్రయాణంలో సగం మనసుతో ఉంటాడని, మంచు చూసేదాకా కడుపులో పెట్టుకుంది. సెలవులో వచ్చి ఇక్కడ కూడా రోడ్డు మీద రాళ్ళు మోస్తున్న మొగుణ్ణి చూశాక ఇక ఆగలేకపోయింది.

అప్పుడామె లలిత వైపు తిరిగి తెలుగులో అంది. "అక్కా, నువ్వన్న జెప్పు. మంచు జూపిచ్చిండు, ఖుషీ అయింది. నాకు మనిషి గావాలె."

లలిత శాలువా తీసి ఇద్దరి భుజాల మీద కప్పింది. కూలీల్లో ఒకాయన, భాష తెలియకపోయినా సంగతి తెలిసినట్టు, మా నలుగురికీ టీ పోశాడు. అంత రుచిగల టీ నేను మనాలి బజారులో తాగలేదు. వెళ్ళదలచిన వారికి ఆ టార్పాలిన్ చిరునామా చెప్పలేకపోతున్నందుకు విచారిస్తున్నాను.

యూసుఫ్ కిందికి దిగేటప్పుడు, ఢిల్లీ బస్సులో, మళ్ళీ మెట్రో పెట్టెలో, ఎక్కడా ఆ సంగతి ఎత్తలేదు. జలుబు చేసి తుమ్ముతూ కూర్చున్నాడు. రెహానా కూడా రెట్టించి అడగలేదు. ఆమె అడగవలసింది ఒక్కసారే అడిగింది. తిరుగు రైలులో నేను 'ఈ ప్రయాణంలో మనం తెలుసుకున్న భౌగోళిక విషయాలు' అని మొదలుపెట్టాను, లలిత నన్ను పై బెర్తుకు పంపించింది.

రెండో రోజు పొద్దున, బల్లార్షా దాటి రైలు మన వైపు అడవుల్లోకి వచ్చాక, యూసుఫ్ నన్ను కిందికి పిలిచాడు. 

"సార్, మన కాడ వానకాలం ఎప్పటి సంది ఎప్పటి దాంక?"

ఇరవై ఏళ్ళ నా ఉద్యోగంలో ఈ ప్రశ్న మార్కుల కోసం కాక అడిగిన మొదటి మనిషి అతనే. జూన్‌లో మొదలై సెప్టెంబరు ఆఖరు దాకా అని చెప్పాను. మధ్యలో కొన్ని రోజులు తెరిపి ఇస్తుందని, ఒక్కో ఏడు దసరా దాకా సాగుతుందని కూడా చెప్పాను. బాణాలు గీయలేదు. 

"వాన పడితే తారు పని నడవది" అన్నాడు అతను, తనలో తను అనుకున్నట్టు. "అంటే ఆ నాలుగు నెలలు ఇంట్లనే ఉండుడు."

రెహానా కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. కాస్త ఆగి, ఆ నాలుగు నెలలు ఇల్లు గడవడం కష్టమే కదా అని అతనే అన్నాడు. తను బ్లౌజులు కుడుతుంది కదా అని ఆమె ఇటు తిరగకుండానే అంది. అతను ఇంకో తుమ్ము తుమ్మి, ఫోన్ తీసి, బావమరిదికి కలిపాడు. కాంట్రాక్టరును పోనివ్వద్దని, తను ఎల్లుండి వచ్చి కలుస్తానని చెప్పాడు. మస్కట్‌కు ఏం చెప్పాలో ఇంటికి పోయి ఆలోచిస్తానన్నాడు. అప్పుడు రెహానా ఖీమా డబ్బా మూత తెరిచింది. అది ఎన్నడో అయిపోయింది, అడుగున కొంచెం మసాలా మాత్రం మిగిలింది. దానితోనే నలుగురం స్టేషన్‌లో కొన్న రొట్టెలు తిన్నాం.

కామారెడ్డిలో దిగి ఎల్లారెడ్డి బస్సెక్కేసరికి మధ్యాహ్నం దాటింది. మబ్బులు ఎటో పోయాయి, ఎండ తన జాగాకు తాను వచ్చింది. తాడ్వాయి దాటాక రోడ్డు సగం మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. మా ఇండ్ల వాళ్ళు కూలర్లు బంద్ చేసి దుప్పట్లు కప్పుకున్న ఆ రెండు రోజుల వానకే ఈ వడ్లు తడిశాయి. ఒక ముసలవ్వ నెత్తి మీద కొంగు వేసుకుని, కాళ్ళతో వడ్లను తిరగేస్తూ అటూ ఇటూ నడుస్తోంది. డ్రైవర్ బస్సును మిగిలిన సగం మీదికి తిప్పి మెల్లగా పోనిచ్చాడు. బస్సులో ఎవరూ తొందర పెట్టలేదు.

మే నెలలో చలి కోసం పోదలచిన వారు తప్పకుండా పొండి. దేశం పెద్దది, ఎక్కడో ఒకచోట చల్లగానే ఉంటుంది, మీరు చేరేదాకా. ఎక్కడికి పోవాలన్నది మాత్రం నన్ను అడగవద్దు, నేను ఆ వివరణను గ్రూపులోంచి తీసేశాను.

ఎల్లారెడ్డి బస్టాండ్‌లో దిగాక యూసుఫ్ రెండు సంచులూ రెండు చేతులకు తగిలించుకున్నాడు. కాళ్ళ కింద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. లలిత, నేను నీడ వెతుక్కుంటూ గోడల పక్క నుంచి గబగబా నడిచాం. వెనక్కి చూస్తే, రెహానా ఖాళీ చేతులతో అతని పక్కన, నడిరోడ్డు మీద, ఆ ఎండలో తొందరేమీ లేకుండా వస్తోంది.